మరమ్మతునకు పోయివచ్చిన రేడియోకు మరల సుంకమా?

ఒక ఔత్సాహికుడు విదేశమున తయారైన రేడియో యంత్రమును తగిన లైసెన్సు చూపి, తగిన సుంకము చెల్లించి ఈ దేశమునకు తెప్పించుకొనును. మేడమీది గదిలో దానిని బల్లపై నమర్చి, డాబాపై తీగ కట్టి, రాత్రివేళల వాతావరణపు పైపొరలను తాకి మరలివచ్చు దూరదేశీయుల పలుకులను వినుచు, తన పలుకును వారికి వినిపించుచుండును. వారంటీ గడువు తీరకముందే ఆ యంత్రము మూగవోయినచో, దానిని తయారుచేసినవారు తమ మాట తప్పక, మాకు పంపుడు, వెల తీసికొనక బాగుచేసి పంపెదమని వ్రాయుదురు. ఇంతవరకు వ్యవహారము ఇరువురు పెద్దమనుష్యుల నడుమ నడచునదే. అయితే ఆ ఇరువురి నడుమ ఒక సరిహద్దు కలదు. సరిహద్దున సుంకపు కార్యాలయము కలదు. వెల తీసికొనకుండ చేసిన మరమ్మతునకు గూడ వెల కట్టి, ఊహించి కట్టిన ఆ వెలపై పన్ను రాబట్టవలెనని ఆ కార్యాలయమును శాసించు నిబంధన యొకటి కలదు. ఈ నిబంధన యనుచితమనియు, దానిని మార్చుట సులభమనియు, మార్చకుండుటకు చెప్పబడు కారణములు విచారణకు నిలువజాలవనియు నా యభిప్రాయము.

ఔత్సాహికుల ఈ రేడియో విద్యకు హ్యామ్ రేడియో యని పేరు. ఆ పేరు వినగానే అది కలిగినవారి కాలక్షేపమనియు, దాని కష్టసుఖములు పత్రికలలో చర్చింపదగినవి కావనియు తలచువారు పెక్కుమంది కలరు. వారి కొఱకు రెండు మాటలు చెప్పక తప్పదు. ఈ దేశమున ఈ విద్య 1921లో కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తతో ప్రారంభమైనది. 1939లో యుద్ధము రాగానే ఆంగ్లప్రభుత్వము కొత్త లైసెన్సులను నిలిపివేసి, ఉన్నవారి ప్రసార యంత్రములను పోలీసులకు అప్పగింపుమని ఉత్తరువులు పంపినది. స్వతంత్ర భారతమున ప్రధానమంత్రి పీఠమెక్కిన రాజీవ్ గాంధీ వీయూ2ఆర్‌జీ యను కాల్‌సైన్ (ప్రసారమున పలుకు గుర్తింపు సంకేతము) గల హ్యామ్. మన హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎందఱో విద్యార్థులకు ఈ విద్యను నేర్పినది. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున, చిరకాలము ఎదురుచూచిన అనుమతి లభించి, భారతీప్రసాద్ గారు పోర్టుబ్లెయిరునకు వెళ్లి, ప్రపంచమందలి హ్యాములందఱు అండమాను దీవులతో మాటలాడుటకై తహతహలాడుచుండగా తమ కేంద్రమును నడుపుచుండిరి. 26వ తేది ఉదయమున భూమి కంపించెను, సముద్రము పొంగెను, టెలిఫోను తీగలు తెగిపోయెను. వినోదముగా తెచ్చిన ఆ యంత్రములే అటుపిమ్మట దీవులకును ప్రధానభూమికిని నడుమ, ఆచూకీ తెలియని బంధువుల క్షేమసమాచారములను మోసిన వార్తాహరులైనవి. మఱుసటి సంవత్సరము మే 5వ తేదీన శ్రీహరికోట నుండి ఎగిరిన పీఎస్ఎల్వీ తన గర్భమున కార్టోశాట్‌తో పాటు హ్యామ్‌శాట్ అను చిన్న ఉపగ్రహమును గూడ మోసికొనిపోయినది. అది కేవలము ఈ ఔత్సాహికుల కొఱకే ఉద్దేశింపబడినది. ప్రభుత్వమే ఆకాశమున ఉపగ్రహము నుంచి గౌరవించిన విద్యను, నేలమీద సుంకపు బల్ల యొద్ద అనుమానించుట యెట్టి న్యాయమో యోచింపదగినది.

మరమ్మతునకై సముద్రములు దాటించుట యెందులకు, మన వీధిచివర రేడియో మెకానిక్కు లేడా యని అడుగువారుందురు. ప్రశ్న సమంజసమైనదే. వాల్వుల కాలమున ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఆనాటి హ్యామ్ యుద్ధానంతరము సైన్యము వేలము వేసిన పాత సెట్లను తక్కువ ధరకు కొని, విప్పి, తీగలు మార్చి, తనకు కావలసిన తరంగదైర్ఘ్యమునకు త్రిప్పుకొనెడివాడు. వాల్వు మాడినచో ఊడబెరికి మఱియొకటి గ్రుచ్చెడివాడు. యంత్రమున ఏ భాగమేమి చేయునో అతనికి హస్తరేఖలవలె తెలియును. నేడు ఆ స్థితి లేదు. యంత్రములోని విడిభాగములు బియ్యపుగింజ కన్న చిన్నవై, పలకపై యంత్రములచేతనే అతికింపబడుచున్నవి. తరంగములను జల్లించు పని కొంతవఱకు సాఫ్ట్‌వేర్ చేయుచున్నది. బాగుచేసిన పిదప సెట్టును మరల సరిచూచుటకు కావలసిన కొలత పరికరములు సామాన్యుని యింట నుండవు. డాబాపై తీగ తడిసి, ప్రసరించిన శక్తి బయటికి పోలేక వెనుకకు మరలినప్పుడు మాడిపోవు ఫైనల్ ట్రాన్సిస్టర్లను మార్చగల నేర్పరులు మన యూళ్లలో నేటికిని కలరు, కాదనను. వారి చేతినైపుణ్యము నాకు తెలియును. కాని వారు పెట్టె మూత విప్పిన క్షణమున, మూతపై నతికించిన ముద్ర చినిగి, వారంటీ గాలిలో కలిసిపోవును. తయారీదారుడు ఇచ్చిన మాటను నిలబెట్టుకొనునట్లు చేయవలెనన్నచో యంత్రము ఆతని చేతికే చేరవలెను. ఆతడేమో ఒసాకాలోనో, టోక్యోలోనో, కాలిఫోర్నియాలోనో యుండును. పైగా పెక్కు సంస్థల వారంటీ, యంత్రము కొన్న దేశమునందే చెల్లును. అమెరికాలో చదువుకొనుచున్న కుమారుడు అక్కడ కొని పంపిన సెట్టునకు మన దేశపు ప్రతినిధి బాధ్యత వహింపడు. తెలుగువారి యిండ్లలో ఇట్టి సెట్లు తక్కువగా లేవు.

పంపదలచినవానికి మొదటి పరీక్ష పెట్టె. నాలుగు కిలోల సెట్టును ఒక పెట్టెలో మెత్తలు పెట్టి యుంచి, ఆ పెట్టెను ఇంకొక పెట్టెలో పెట్టి, రెంటి నడుమ నలుదిక్కుల గాలిబుడగల పట్టాను నింపవలెను. అట్లు చేయనిచో, విమానాశ్రయమున విసరినప్పుడు సెట్టులోని స్ఫటికమో, ముందుభాగపు అద్దమో పగిలి, వారంటీలోని లోపమునకు వారంటీ లేని లోపము తోడగును. ఇంతయు చేసినవానికి కొరియరువారు తూకపు యంత్రమునకు బదులు కొలత బద్దను చూపుదురు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించగా వచ్చినది బరువట! యాబది, నలుబది, ముప్పది సెంటీమీటర్ల పెట్టె ఈ లెక్కన పండ్రెండు కిలోలు తూగును. నాలుగు కిలోల సెట్టునకు పండ్రెండు కిలోల వెల చెల్లించి, జాగ్రత్తగా కట్టుటయే నేరమన్నట్లు ఇంటికి వచ్చుట హ్యాములకు అలవాటే. చేతి సెట్టు అయినచో లిథియం బ్యాటరీ గొడవ యొకటి యదనము. యంత్రము నుండి విడదీసి ఒంటరిగా పంపు లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరుకుగా తీసికొనిపోవుటను 2016 ఏప్రిల్ నుండి అంతర్జాతీయముగా నిషేధించిరి. ఈ నిషేధమును నేను తప్పుపట్టను. ఆకాశమున మంటలు పుట్టుటకన్న నేలపై చిక్కులు మేలు. బ్యాటరీని తీసివేసి సెట్టును మాత్రమే పంపుట ఉత్తమమని అనుభవజ్ఞులు చెప్పుదురు.

అసలు చిక్కు కాగితమున నున్నది. మరమ్మతునకు పోయి మరల రావలసిన వస్తువును, పోవునప్పుడే సుంకపు అధికారులయెదుట నమోదు చేయింపవలెను; ఎగుమతి పత్రముపై యంత్రపు క్రమసంఖ్య, ఇది మరమ్మతునకై పోవుచున్నది, మరల తిరిగివచ్చునది యను వివరము, తయారీదారుడిచ్చిన వారంటీ లేఖ యుండవలెను. తిరిగివచ్చినది పోయినదే యని నిరూపించుటకు అదియే ఆధారము. అయితే ఈ నమోదు కొఱకు కొరియరు గుమాస్తా కాలము వెచ్చింపవలెను. అట్లు వెచ్చించిన కాలమునకు ఆతనికి ఫలము లేదు. కనుక ఆతడు మిక్కిలి సౌహార్దముతో, ఇదంతయు ఎందులకండీ, బహుమతి యని వ్రాసెదను, రేపే విమానమెక్కును అని సలహా చెప్పును. నా యెఱిగిన మిత్రుడొకడు, కాకినాడ వాస్తవ్యుడు, ఈ సలహా విని యానందించెను. సెట్టు సుఖముగా పోయెను, సుఖముగా బాగుపడెను. తిరిగి వచ్చునప్పుడు మాత్రము, పోయినట్లు ఋజువు లేని వస్తువు కొత్త దిగుమతియే యని అధికారులు సెలవిచ్చి, సెట్టు పూర్తి విలువపై సుంకము కోరిరి. మన సంస్కృత పండితులు ఘట్టకుటీప్రభాత న్యాయమను ఒక న్యాయమును చెప్పుదురు: సుంకము తప్పించుకొనదలచి రాత్రియంతయు అడ్డదారుల నడచిన వర్తకుడు, తెల్లవారునప్పటికి సుంకరి గుడిసె ముంగిటనే నిలిచియుండెనట. మా మిత్రుడు సుంకము తప్పించుకొనదలచినవాడు గూడ కాడు, త్వరగా పంపదలచినవాడు మాత్రమే. ఐనను తెల్లవారునప్పటికి ఆ గుడిసె ముంగిటనే తేలెను.

ఇంక రాజమార్గమున నడచినవాని గతి యేమో చూతము. 1962 నాటి కస్టమ్స్ చట్టములోని 20వ సెక్షను ప్రకారము, ఒకమాఱు దేశము దాటి తిరిగివచ్చిన వస్తువు, మొదటిమాఱు వచ్చిన వస్తువువలెనే సుంకమునకు లోనగును. ఈ కాఠిన్యమును సడలించుటకై 2017 జూన్ 30వ తేదీన జీఎస్టీతో పాటు 45వ నంబరు నోటిఫికేషన్ వెలువడినది. మరమ్మతునకై విదేశమునకు పోయి, యాజమాన్యము మారక, మూడు సంవత్సరములలో తిరిగివచ్చిన వస్తువునకు పూర్తి విలువపై గాక, మరమ్మతు యొక్క సమంజసమైన ఖర్చు, వాడిన భాగముల వెల, రానుపోను రవాణా ఖర్చు, బీమా, వీని మొత్తముపై మాత్రమే సుంకము వేయవలెనని అది చెప్పుచున్నది. ఇంతవఱకు దయగల నిబంధనయే. కాని మరమ్మతు ఖర్చను మాటకు ప్రక్కన, ఆ ఖర్చు నిజముగా అయినను కాకపోయినను అను అర్థమిచ్చు కొన్ని పదములు కుండలీకరణమున నిమిడియున్నవి. వారంటీ క్రింద పైసా తీసికొనకుండ చేసిన పనిని ఆ పదములు పట్టుకొనుచున్నవి. చేయించుకొన్నవాడు చెల్లింపలేదు, చేసినవాడు పుచ్చుకొనలేదు, మూడవవాడగు ప్రభుత్వము మాత్రము, పుచ్చుకొనియున్నచో ఎంత పుచ్చుకొనియుండునని ఊహించి తన భాగమడుగుచున్నది.

లెక్క కట్టి చూచినచో విషయము ఇంకను తేటపడును. ఒక సెట్టులోని ప్రధాన పలకను మార్చుటకు ఇరువదివేల రూపాయలగునని అధికారి నిర్ణయించెననుకొందము. రానుపోను రవాణా, బీమా కలిపి పదునాఱువేలనుకొందము. మొత్తము ముప్పదియాఱువేలపై, దిగుమతులపై వేయు జీఎస్టీయగు ఐజీఎస్టీ నూటికి 18 వంతున 6,480 రూపాయలు. మూల సుంకమున్నచో అది వేఱు. వారంటీ యనగా, యంత్రము కొన్ననాడు చెల్లించిన ధరలోనే ఇమిడియున్న సేవ. ఆ ధరపై ఆనాడే సుంకము చెల్లింపబడినది. అట్టి సేవను వినియోగించుకొన్నందులకు మరల పన్ను వేయుట, ఒకే ధాన్యమును రెండుమాఱులు కొలిచి రెండుమాఱులు శిస్తు గొనుట వంటిది కాదా? కొరియరుకు చెల్లించిన రవాణాపై గూడ సుంకమడుగుట యైతే, వస్తువు బాగుపడుటకు ఎంత దూరము పోవలసివచ్చెనో అంత శిక్ష యనుటయే.

ఇక్కడ ఒక విచిత్రమైన వ్యాజ్యమును చెప్పవలసియున్నది. రేడియోలకు సంబంధించినది కాదు గాని, నిబంధన యొకటే. ఇండిగో విమానములను నడుపు ఇంటర్‌గ్లోబ్ సంస్థ తన విమానముల ఇంజన్లను, భాగములను విదేశములలో బాగుచేయించి తెచ్చుకొనుచున్నది. మరమ్మతును సేవగా నెంచి దానిపై జీఎస్టీని వేఱుగా చెల్లించితిమి గదా, సరిహద్దున అదే మరమ్మతును వస్తువుగా నెంచి మరల ఐజీఎస్టీ యడుగుటయేమని ఆ సంస్థ వాదించెను. 2020లో సుంకపు అప్పీళ్ల ట్రిబ్యునలు సంస్థ పక్షమున తీర్పు చెప్పెను. తీర్పునకు సమాధానముగా ప్రభుత్వము 2021 జూలైలో నోటిఫికేషన్‌నే సవరించి, సుంకమనగా ఐజీఎస్టీ గూడ చేరియున్నదని స్పష్టపఱచెను. 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ సవరణను, అదనపు పన్ను విధించునంతమేర, చెల్లదని కొట్టివేసెను. ఇన్ని సంవత్సరములు, ఇన్ని మెట్లు ఎక్కి వాదించుటకు విమాన సంస్థకు న్యాయవాదులు కలరు, లెక్కలు చూచు ఉద్యోగులు కలరు, పోరాడదగినంత సొమ్ము ఆ పన్నులో కలదు. ఆఱువేల రూపాయల పన్నునకై ఉన్నత న్యాయస్థానమునకు పోవు హ్యామ్ ఎవడు? కొరియరు ప్రతినిధి ఫోను చేసి, చెల్లింతురా, పెట్టెను గిడ్డంగిలో నుంచమందురా, రోజుకింత అద్దె యగునని చెప్పినప్పుడు, ఢిల్లీ తీర్పును ఆతనికి వినిపించి ప్రయోజనమేమి? చెల్లించి తెచ్చుకొనుటయే జరుగుచున్నది.

ఇతర దేశములు ఈ సమస్యను ఎట్లు పరిష్కరించుకొనినవో చూచుట యుక్తము. కెనడాలోని హ్యాములకు తమ సెట్లను దక్షిణపు సరిహద్దు దాటించి అమెరికా కర్మాగారములకు మరమ్మతునకై పంపుట నిత్యకృత్యము. 1994లో అమలులోనికి వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడిక తన 307వ అధికరణములో, ఒక సభ్యదేశము నుండి మఱియొక సభ్యదేశమునకు మరమ్మతునకై తాత్కాలికముగా పోయి తిరిగివచ్చిన వస్తువుపై, అది ఏ దేశమున తయారైనదైనను సరే, ఆ మరమ్మతు స్వదేశమున సాధ్యమైయుండినను సరే, సుంకము వేయరాదని ముక్కుసూటిగా చెప్పినది. 2020 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన కొత్త ఒడంబడికయు ఈ సూత్రమును విడువలేదు. అనగా జపానులో తయారైన సెట్టు టొరంటోలో చెడిపోయి, అమెరికాలోని సేవాకేంద్రమునకు పోయి బాగుపడి వచ్చినను సుంకము లేదు. వారంటీ క్రింద, రవాణా ఖర్చు మాత్రమే తీసికొని, ఉచితముగా పంపిన మార్పిడి వస్తువుపై కెనడా తన అమ్మకపు పన్నును గూడ విధింపదు. వస్తువు పోవునప్పుడు దాని క్రమసంఖ్యను నమోదు చేసి ఒక చిన్న చీటీ యిచ్చు పద్ధతి యొకటి అక్కడ ఏనాటినుండియో కలదు. చీటీ చేతనున్నవాడు తిరిగి వచ్చునప్పుడు వాదింప నక్కఱలేదు.

ఇట్లు వ్రాసినంత మాత్రమున అక్కడ అంతయు స్వర్గమని భావింపరాదు. కొరియరు సంస్థల దళారీ రుసుములు, మరమ్మతు విలువకు బదులు సెట్టు పూర్తి విలువను పత్రముపై వ్రాసిన గుమాస్తాల పొరపాట్లు అక్కడివారిని గూడ పీడించుచున్నవి. దానికి తోడు అమెరికా ప్రభుత్వము ఎనిమిదివందల డాలర్ల లోపు పెట్టెలకు సుంకము లేకుండ ప్రవేశమిచ్చు సౌకర్యమును 2025 ఆగస్టు 29 నుండి అన్ని దేశములకు నిలిపివేసినది. ఆ గందరగోళమున మన తపాలా శాఖయే అమెరికాకు పెట్టెలు తీసికొనుటను కొన్ని వారములు ఆపివేసి, అక్టోబరు నడుమ మరల ఆరంభించినది. అమెరికాలో తయారై పుట్టింటికి పోవు సెట్టునకు అక్కడ సుంకము తప్పు దారి యొకటి కలదు. అన్యదేశీయమైన సెట్టును మరమ్మతునకై బాండుపై తాత్కాలికముగా దించుకొను దారియు కలదు. కాని రెండు దారులకును కాగితములు సరిగా వ్రాయువాడు కావలెను. కాగితమున లోపమెక్కడనైనను రావచ్చును. చట్టమున లోపము మాత్రము అక్కడ లేదు, ఇక్కడ కలదు. లోకవాణిజ్య సంస్థ సభ్యదేశములు చేసికొని, 2017 ఫిబ్రవరి నుండి అమలుచేయుచున్న వాణిజ్య సౌలభ్యపు ఒడంబడికలో, మరమ్మతునకు పోయివచ్చు వస్తువులకు పూర్తిగానో కొంతవఱకో మినహాయింపు నీయవచ్చునను మాట యున్నది. మన దేశమును దానికి సమ్మతించినది. అయితే ఆ మాట వెంటనే, ఆయా దేశముల చట్టముల ననుసరించి యను తోక తగిలించిరి. కొంతవఱకు అను పదమును మన నోటిఫికేషన్ తృప్తిపఱచినట్లే.

మన ప్రభుత్వము మరమ్మతులకు విరోధియా యనగా, కాదు. ఆశ్చర్యము అక్కడనే యున్నది. 2023 మే 31వ తేదీన కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వశాఖ బెంగళూరులో ఒక ప్రయోగమును ఆరంభించెను: విదేశీయుల చెడిపోయిన ఎలక్ట్రానిక్ యంత్రములను మన దేశమునకు రప్పించి, ఇక్కడ బాగుచేసి, మరల పంపుట, వానిని విమానాశ్రయమున త్వరితముగా విడిపించుట, ఈ దేశమును ప్రపంచపు మరమ్మతుశాల చేయుట. 2024 జూలై బడ్జెటు ప్రసంగమున ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు, వారంటీ మరమ్మతునకై తిరిగివచ్చు వస్తువులను మరల దిగుమతి చేసికొను గడువును మూడు సంవత్సరముల నుండి ఐదు సంవత్సరములకు పెంచుచున్నట్లు ప్రకటించిరి. ఇక్కడ తయారై విదేశమున అమ్ముడైన వస్తువు చెడిపోయి తిరిగివచ్చినప్పుడు మన ఎగుమతిదారునకు ఇబ్బంది కలుగరాదని దాని యుద్దేశము. వినియోగదారుల వ్యవహారముల శాఖయు 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొఱకు ప్రత్యేక పోర్టల్ నెలకొల్పినది. ఇవన్నియు మెచ్చుకొనదగినవే. అయితే విదేశీయుని చెడిపోయిన యంత్రము ఇచ్చటికి వచ్చి పోవుటకు తలుపు బార్లా తెఱచి, స్వదేశీయుని చెడిపోయిన యంత్రము అచ్చటికి పోయి వచ్చుటకు తలుపు ఓరగా మూయుటలో రాజనీతి యేమున్నదో నాకు బోధపడదు.

అధికారుల పక్షమున రెండు మాటలు చెప్పబడుచున్నవి. మొదటిది మోసము. పాత చెడిన సెట్టును పంపి, మరమ్మతు నెపమున కొత్త సెట్టును, అంతకన్న ఖరీదైన సెట్టును తెప్పించుకొనువారుందురని భయము. ఉండవచ్చును. కాని ప్రతి సెట్టు వెనుకను చెక్కబడిన క్రమసంఖ్య యొకటి యుండును. పోవునప్పుడు ఆ సంఖ్యను నమోదు చేసి, వచ్చునప్పుడు చూచినచో మోసమునకు చోటెక్కడ? వారంటీ క్రింద కొత్త సెట్టే మార్పిడిగా వచ్చినచో దానికి వేఱు నియమమును వ్రాయవచ్చును. అందులకు తయారీదారుని లేఖ చాలును. మోసగాడు పట్టుబడుటకు ఈ పద్ధతి కావలెను; ఉచితముగా జరిగిన పనికి వెల కట్టు పద్ధతి మోసగానిని పట్టదు, నిజాయితీపరునే పట్టును.

రెండవది దేశభద్రత. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము లైసెన్సు లేక వైర్‌లెస్ యంత్రమును కలిగియుండుటనే నేరముగా నెంచినది. ఆనాటి ప్రభువుల భయము వేఱు, నేటి భయము వేఱు, భయము మాత్రము నిలిచియున్నది. 2025 మే నెలలో అనుమతి లేని వాకీటాకీలను ఆన్‌లైన్ అంగళ్లలో విచ్చలవిడిగా అమ్ముచున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులు పంపినది, పంపుట సరియైనదే. కాని ఆ చౌకబారు వాకీటాకీ కొన్నవాడు దానిని వారంటీ మరమ్మతునకై విదేశమునకు పంపి, తన పేరు, చిరునామా, యంత్రపు సంఖ్య సుంకపు పుస్తకములో వ్రాయించుకొనునా? లైసెన్సు గల హ్యామ్ ప్రభుత్వపు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణుడైనవాడు. అతని కాల్‌సైన్, అతని చిరునామా ప్రభుత్వమునకు తెలిసినవే. గాలిలో నోరు తెఱచిన ప్రతిమాఱు ఆ కాల్‌సైన్ పలుకక తప్పదు. దేశమున ఇంతగా తన్ను తాను ప్రకటించుకొను పౌరుడు మఱియొకడు లేడు. అనుమానింపదగినవాడు వేఱెచ్చట నున్నాడు.

స్వదేశపు మరమ్మతు పరిశ్రమను కాపాడుటకే ఈ సుంకమని మూడవ వాదమొకటి అప్పుడప్పుడు వినబడును. దానికి సమాధానము పైన చెప్పియేయున్నాను. వారంటీ పని స్వదేశమున జరుగుట తయారీదారుని చేతనున్నది గాని కొన్నవాని చేత లేదు. తయారీదారుడు ఇక్కడ సేవాకేంద్రము తెఱవకున్నచో, ఆ లోపమునకు శిక్ష కొన్నవానికి పడుట వింత.

నేడు ఈ చిక్కులన్నిటిని దాటుటకు జనులు కనిపెట్టిన దారి సామానుల పెట్టె. అమెరికాకు పోవు మేనల్లుని చేతికో, జపానుకు పనిమీద పోవు స్నేహితుని చేతికో సెట్టును అప్పగించి, అక్కడి నుండి కర్మాగారమునకు పంపించి, ఆఱునెలల పిదప వచ్చు మఱియొకని పెట్టెలో తెప్పించుకొనుట. పోవునప్పుడు విమానాశ్రయమున సుంకపు అధికారుల నుండి ఎగుమతి ధ్రువపత్రము తీసికొన్నచో ఇది చట్టసమ్మతమే; కాని తెల్లవారుజామున మూడు గంటలకు విమానమెక్కువాడు, క్యూలో నిలువబడి, ఆ పత్రము కొఱకు అధికారిని వెదకునా? వెదకడు. ఫలితముగా, పత్రముతో జరుగవలసిన పని పత్రము లేకయే జరుగుచున్నది. సుంకపు శాఖకు ఆదాయమును లేదు, లెక్కయు లేదు.

కావలసిన మార్పు పెద్దది కాదు. తయారీదారుని వారంటీ లేఖ జతచేసి, క్రమసంఖ్యతో నమోదు చేయించి, ఒక వ్యక్తి తన స్వంత వాడుకకై పంపిన వస్తువు నిర్ణీత కాలములో అదే సంఖ్యతో తిరిగివచ్చినచో, మరమ్మతు విలువను సున్నగా నెంచవలెను. నిజముగా చెల్లించిన సొమ్మేదైన నున్నచో దానిపై మాత్రమే సుంకము వేయవలెను. రానుపోను రవాణాను లెక్కనుండి తీసివేయవలెను. కొరియరు ద్వారా గాని, తపాలా ద్వారా గాని పంపువానికి, ఇది మరల తిరిగివచ్చు వస్తువని గుర్తుపెట్టుటకు పత్రములో ఒక గడి యుండవలెను. ఆ గడిని నింపుట కొరియరు సంస్థ విధిగా చేయవలెను, నింపక బహుమతి యని వ్రాసినచో దాని ఫలితము పంపినవానిపై గాక సంస్థపై పడవలెను. ఇందుకు పార్లమెంటులో బిల్లు అక్కఱలేదు. పత్రములో గడి చేర్చుట శాఖ తన నిబంధనలతోనే చేయగల పని. సుంకపు విషయమునకు, ప్రజాప్రయోజనము కొఱకు మినహాయింపు లిచ్చు అధికారము కస్టమ్స్ చట్టములోని 25వ సెక్షను కేంద్రప్రభుత్వమునకు ఏనాడో యిచ్చియున్నది. 2017 నాటి నోటిఫికేషన్ ఆ సెక్షను క్రిందనే వెలువడినది. విమాన ఇంజన్ల వ్యాజ్యమున 2021లో దానిని సవరించినదియు ఆ సెక్షను క్రిందనే.